వాషింగ్ మిషన్‌లో నీళ్లు మెల్లగా పోతున్నాయా? పంపు మార్చేముందు ఒక బకెట్ తెచ్చుకోండి

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క కంప్లయింట్ గురించి. వాషింగ్ మిషన్ తిరుగుతోంది, బట్టలు ఉతుకుతోంది, కానీ నీళ్లు బయటికి పోవడానికి మాత్రం గంటలు గంటలు పడుతున్నట్టు ఉంటుంది. అటు పూర్తిగా ఆగిపోలేదు, ఇటు సరిగ్గానూ లేదు. నన్నడిగితే ఇలాంటి సగం జబ్బే జేబుకి ఎక్కువ చిల్లు పెడుతుంది. మిషన్ పూర్తిగా ఆగిపోతే ఆ రోజే చూపిస్తాం. మెల్లగా పోతుంటే మాత్రం "పోతున్నాయి కదా" అని నెలల తరబడి నెట్టుకొస్తాం. చివరికి ఎవరో ఒకరు వచ్చి, మిషన్ ముందు వంగోకుండానే "పంపు పోయిందండీ" అంటారు. మనమూ సరే అంటాం.

నేను ఈ రిపేర్ పనిలోనే ఉన్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నా. కాయిల్ కాలిపోయిన పంపు నీళ్లని మెల్లగా పంపదు, అసలు పంపనే పంపదు. సన్నగానైనా నీళ్లు వస్తున్నాయంటే పంపు ఎంతో కొంత పని చేస్తున్నట్టే. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది దారిని. డ్రమ్ము నుంచి బాత్రూమ్ జాలీ దాకా నీళ్లు వెళ్లే దారిలో ఎక్కడో అడ్డు ఉంది. అది ఎక్కడుందో కనిపెట్టడమే ఈరోజు పని. చాలావరకు మీరే చేసుకోవచ్చు. ఒక బకెట్, ఒక పాత టూత్ బ్రష్, మీ చేతిలో ఉన్న ఫోన్, ఇవి చాలు.

ముందు మెల్లగా అంటే ఎంత మెల్లగా అనేది తేల్చుకుందాం. ఫ్రంట్ లోడ్ మిషన్‌లో ఒక ఉతుకుకి లోపల ఉండే నీళ్లు సుమారుగా 10 నుంచి 20 లీటర్లు. పంపు బాగుంటే ఒకటి రెండు నిమిషాల్లో అవన్నీ బయటికి వచ్చేయాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. ఐదు నిమిషాలైనా ఇంకా సన్నగా కారుతూనే ఉంటే తేడా ఉన్నట్టే. ఇంకో గుర్తు ఏంటంటే, డిస్‌ప్లేలో "ఇంకా 9 నిమిషాలు" అని వచ్చి ఆ తొమ్మిది మీదే చాలాసేపు ఆగిపోతుంది. బట్టలు తీస్తే నీళ్లు కారుతుంటాయి. దాంతో చాలామంది స్పిన్ పోయింది అనుకుంటారు. స్పిన్ పోలేదు. లోపల నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసే ఒక ప్రెజర్ స్విచ్ ఉంటుంది. నీళ్లు పూర్తిగా పోయాయని అది చెప్పేదాకా మిషన్ వేగంగా తిరగదు. తిరగకపోవడమే మంచిది కూడా.

కొన్ని మిషన్లు అదే విషయాన్ని కోడ్‌లో చెప్తాయి. ఎల్‌జీలో "ఓఈ" అని వస్తుంది. సామ్‌సంగ్‌లో "5ఈ" లేదా "5సీ". ఆ ఐదు చాలామందికి ఇంగ్లీషు ఎస్ అక్షరంలా కనిపిస్తుంది. బాష్‌లో "ఈ18". ఇవన్నీ చెప్పేది ఒక్కటే, అనుకున్న టైముకి నీళ్లు పోలేదు అని. పంపు కాలిపోయింది అని ఆ కోడ్‌కి అర్థం కాదు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే కోడ్ చూపించి పంపు అమ్మేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మీ మిషన్ ఏ రకమో చూసుకోవాలి. మూడు రకాల్లో నీళ్లు పోయే పద్ధతి ఒకటి కాదు. ఫ్రంట్ లోడ్‌లో అడుగున ఒక చిన్న పంపు ఉంటుంది, అది నీళ్లని పైకి నెట్టి బయట పోస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో, అంటే రెండు టబ్బులు, పైన తిప్పే నాబ్‌లు ఉండేదాంట్లో, సాధారణంగా పంపు ఉండదు. నాబ్ తిప్పితే లోపల ఒక రబ్బరు మూత లేస్తుంది, నీళ్లు పల్లానికి పోతాయి, అంతే. ఇక టాప్ లోడ్ ఫుల్లీ ఆటోమేటిక్. కొన్నింటిలో పంపు ఉంటుంది. కానీ మన దగ్గర అమ్మేవాటిలో చాలావాటికి పంపు లేదు. ఒక చిన్న డ్రైన్ మోటర్ వాల్వ్‌ని లాగి పట్టుకుంటుంది, నీళ్లు వాటంతట అవే కిందికి పోతాయి.

మీది ఏదో తెలుసుకోవడం ఈజీ. నీళ్లు పోయేటప్పుడు చెవి పెట్టి వినండి. పోయినంతసేపూ "గుయ్..." అని సౌండ్ వస్తుంటే పంపు ఉంది. మొదట్లో "టక్" మని ఒక చప్పుడు, తర్వాత ఒట్టి నీళ్ల చప్పుడే వస్తుంటే పంపు లేదు. పైపు కూడా చూడండి. మిషన్ అడుగు నుంచి బయటికి వచ్చి నేల మీద పడుకుని ఉంటే అది పల్లానికి పోయే రకం అయి ఉంటుంది.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తా. అమీర్‌పేటలో ముగ్గురు కుర్రాళ్లు రూమ్ మారారు. టాప్ లోడ్ మిషన్. కొత్త రూమ్‌లో బాత్రూమ్ చిన్నది, అందుకని మిషన్ బయట పెట్టి పైపుని వాష్ బేసిన్‌లోకి ఎత్తి పెట్టారు. మొదటిరోజు నుంచే నీళ్లు సగమే పోవడం, ఆగిపోవడం. ఒకాయన వచ్చి చూసి డ్రైన్ మోటర్ మార్చాలి, రెండు వేలు అవుతుంది అన్నాడట. "అన్నా, మొన్నటిదాకా బానే ఉండె కదా, సామాన్లు మార్చేటప్పుడు పోయిందంటవా?" అని నాకు ఫోన్ చేశారు. పైపు ఎక్కడ పెట్టారు తమ్ముడూ, ఒక ఫోటో పంపించు అన్నాను. ఫోటో చూడగానే విషయం తెలిసిపోయింది. పంపు లేని మిషన్ నీళ్లని బేసిన్ ఎత్తుకి ఎక్కించలేదు. టబ్బులో నీళ్లు ఆ ఎత్తుకి పైన ఉన్నంతవరకే పోతాయి, తర్వాత ఆగిపోతాయి. పైపు దించి బాత్రూమ్ నేల మీద పెట్టమన్నా. పెట్టగానే నీళ్లు పోయాయి. ఖర్చు సున్నా.

అయినా అక్కడ ఇంకో చిక్కు మిగిలింది, అది మీ ఇళ్లలో కూడా ఉండొచ్చు. మిషన్ బయట, జాలీ బాత్రూమ్ లోపల, మధ్యలో గడప. పైపు ఆ గడప ఎక్కి దిగాలి. పంపు లేని మిషన్‌కి ఆ నాలుగు అంగుళాల గడప కూడా ఒక గోడే. పైన నీళ్లు బరువుగా ఉన్నప్పుడు జోరుగా పోతాయి, కిందికి వచ్చేకొద్దీ నెమ్మదిస్తాయి, గడప ఎత్తు కన్నా కింద ఉన్నవి పోనే పోవు. దీనికి మందు రిపేర్ కాదు, స్టాండ్. మిషన్‌ని గట్టి స్టాండ్ మీద గడప కన్నా ఎత్తులో పెట్టి, పైపుని ఎక్కడా పైకి లేవకుండా పల్లానికి వేస్తే సరిపోతుంది. స్టాండ్ మాత్రం గట్టిది కొనండి, స్పిన్‌లో ఊగిపోయేది కొంటే ఇంకో ఎపిసోడ్ చేయాల్సి వస్తుంది.

సరే, ఫ్రంట్ లోడ్ దగ్గరికి వద్దాం. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

మొదటి పని బకెట్ పరీక్ష. మిషన్ వెనక నుంచి వచ్చే పైపు చివర ఏదో ఒక గోడ పైపులోకో, జాలీలోకో దూర్చి ఉంటుంది కదా. దాన్ని బయటికి తీయండి. ఒక స్టూలు వేసి దాని మీద పెద్ద బకెట్ పెట్టి, పైపు చివర బకెట్ అంచుకి జారిపోకుండా కట్టండి. స్టూలు ఎందుకంటే, పైపు చివర మామూలుగా ఉండే ఎత్తులోనే ఉండాలి. కిందికి దించేస్తే నీళ్లు పంపు సాయం లేకుండా సైఫన్ పద్ధతిలో వాటంతట అవే వచ్చేస్తాయి, అప్పుడు పంపు బలం మీకు తెలియదు. కాళ్లకి చెప్పులు వేసుకోండి, చేతులు తుడుచుకోండి, తర్వాత స్విచ్ వేసి డ్రైన్ గానీ స్పిన్ గానీ పెట్టండి. ఫోన్‌లో వీడియో తీయండి. బకెట్ ముప్పావు నిండగానే పాజ్ నొక్కాలి, లేకపోతే హాలంతా చెరువే.

ఇప్పుడు ఏం చూశారు? నీళ్లు బొటనవేలంత లావున జోరుగా దూకి బకెట్ టకటకా నిండిపోతే, మీ మిషన్‌కి ఏ రోగమూ లేదు. రోగం ఇంటి పైపుది. జాలీ తీసి చూడండి. జుట్టు, సబ్బు, బట్టల పీచు కలిసి ఒక బూడిద రంగు ముద్ద కనిపిస్తుంది. చేతికి కవర్ తొడుక్కుని తీసేయండి. ఇంకొకటి, కొందరు పైపుని గోడ పైపులోకి మూరెడు లోతుగా తోసేసి, చుట్టూ టేపో ఎంసీలో కొట్టేస్తారు, వాసన రాకూడదని. అలా చేస్తే గాలి ఆడదు. నీళ్లు దిగాలంటే లోపలి గాలి బయటికి రావాలి. పైపు చుట్టూ కాస్త సందు ఉండాలి.

బకెట్‌లోకి కూడా సన్నగానే వస్తే అడ్డు మిషన్ వైపు ఉన్నట్టు. వస్తూ ఆగుతూ, నురగ కక్కుతూ వస్తే అది ఇంకో కథ, కాసేపట్లో చెప్తా.

ఇక్కడి నుంచి మిషన్‌ని ముట్టుకుంటాం కాబట్టి ప్లగ్ పీకేయాలి. స్విచ్ ఆఫ్ చేశాను కదా అనొద్దు. మన ఇళ్లలో స్విచ్ ఒక్క వైరునే కట్ చేస్తుంది, అది ఫేజ్ అని మనం నమ్ముతాం. వైరింగ్ చేసినాయన ఫేజ్, న్యూట్రల్ అటుదిటు వేసి ఉంటే, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మిషన్ లోపల కరెంటు ఉంటుంది. తడి నేల మీద చెప్పుల్లేని కాళ్లతో కూర్చుని నీళ్లున్న చోట చేయి పెట్టబోతున్నాం మనం. ప్లగ్ చేతిలోకి వచ్చాకే మిగతా పని. ఇంకో మాట, మామూలు రోజుల్లో కూడా మిషన్ బాడీ ముట్టుకుంటే చురుక్కుమంటోందా? అయితే ఈ వీడియో ఇక్కడ ఆపేసి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి. నీళ్లు మెల్లగా పోవడం తర్వాత సంగతి. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గులు, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులు వాషింగ్ మిషన్‌కి వాడనే వాడొద్దు.

ప్లగ్ తీశాక ముందు బయటి పైపు. మిషన్‌ని గోడకి నొక్కి పెట్టి ఉంటే వెనక పైపు మడత పడి ఉంటుంది, అది మొదట చూడండి. ఫోన్ టార్చ్ వేసి, చెయ్యి వెనక్కి పెట్టి ఒక ఫోటో తీస్తే చాలు, మిషన్ జరపక్కర్లేకుండానే కనిపిస్తుంది. తర్వాత పైపు పొడవు. చాలా ఇళ్లలో కంపెనీ ఇచ్చిన పైపు చాలక, దానికి ఏదో సన్న పైపు అతికించి బాల్కనీ దాకా లాగుతారు. పైపు లోపలి వెడల్పు సగం అయితే నీళ్లు పోయే చోటు సగం అవదు, పావు వంతు అవుతుంది. అందుకే అతికించిన రోజు నుంచే నెమ్మది. ఎత్తు కూడా ముఖ్యం. ఎక్కువ ఫ్రంట్ లోడ్ మిషన్లకి పైపు చివర నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య ఉండాలని పుస్తకంలో రాసి ఉంటుంది. అంతకన్నా పైన, కిటికీలోంచి బయటికి వేస్తే పంపు అంత ఎత్తు నెట్టలేక ఆయాసపడుతుంది. మరీ కింద పెడితే మిషన్‌లోకి నీళ్లు వస్తుండగానే బయటికి పోతుంటాయి, ఎంతసేపటికీ నిండదు.

పైపు బాగానే ఉంటే ఫిల్టర్. చూడండి, ఇది నేను వెళ్లిన ఇళ్లలో సగం మందికి ఉందనే తెలియదు. మిషన్ ముందు భాగంలో, కింద మూలన ఒక చిన్న తలుపు ఉంటుంది. కొన్నింటికి ఎడమ వైపు, కొన్నింటికి కుడి వైపు. గోటితోనో, స్పూన్ వెనక భాగంతోనో తెరుచుకుంటుంది. లోపల గుండ్రటి మూత, చాలావాటిలో పక్కనే వేలంత సన్న రబ్బరు పైపు. ఆ సన్న పైపు ఎందుకంటే, లోపల మిగిలిన నీళ్లని ముందు మెల్లగా తీసేయడానికి. అది తీయకుండా గుండ్రటి మూత తిప్పారో, బకెట్టెడు నీళ్లు మీ ఒళ్లోకి వస్తాయి. వేడినీళ్ల ప్రోగ్రామ్ వేసి ఉంటే చల్లారేదాకా ఆగండి, 60 డిగ్రీల నీళ్లు చేతి మీద పడితే కాలుతుంది. కుళాయి కూడా కట్టేయండి.

ఇక్కడ ఒక ఇంటి చిట్కా. ఆ పైపు నేలకి అంత దగ్గరలో ఉంటుంది కాబట్టి బకెట్, గిన్నె ఏవీ కింద పట్టవు. అన్నం తినే స్టీలు కంచం పడుతుంది. కంచం నిండగానే పైపు మూత పెట్టేయడం, పారబోయడం, మళ్లీ తీయడం. పదీ పదిహేను కంచాలు అవ్వొచ్చు, ఓపిక పట్టండి. చుట్టూ పాత లుంగీయో, టవలో పరవండి. నీళ్లు ఆగిపోయాక గుండ్రటి మూతని ఎడమ వైపుకి కొంచెం కొంచెంగా తిప్పండి. మిగిలిన నీళ్లు కారిపోయాక పూర్తిగా బయటికి లాగండి.

ఏం వస్తుందో చెప్పలేం. రూపాయి బిళ్లలు, పిన్నీసులు, జడ పిన్నులు, జాకెట్టు హుక్కులు, చొక్కా గుండీలు, షాంపూ ప్యాకెట్టు ముక్క, బస్ టికెట్లు ఉడికి తయారైన కాగితం ముద్ద. పెంపుడు కుక్క ఉన్న ఇంట్లో అయితే ఒక చిన్న ఉన్ని టోపీ అంత జుట్టు. వీటన్నిటికీ పీచు చుట్టుకుని జిగురుగా, వాసనగా ఉంటుంది. ఆ వాసనే మీ ఉతికిన బట్టల్లో వచ్చే ముక్క వాసన. ట్యాప్ కింద పెట్టి టూత్ బ్రష్‌తో రుద్ది కడిగేయండి.

ఫిల్టర్ కడిగేసి మూత పెట్టేయడం కాదు. ఆ రంధ్రంలోకి ఫోన్ టార్చ్ వేసి చూడండి. లోపల చిన్న ఫ్యాన్ లాంటిది కనిపిస్తుంది, పంపు రెక్కలు అవి. వేలు పెట్టొద్దు, గాజు పెంకో పిన్నో ఉండొచ్చు. చైనీస్ నూడుల్స్‌కి ఇస్తారే ఆ చెక్క పుల్ల, లేదా పెన్సిల్‌తో మెల్లగా తిప్పండి. రెక్కలు ఆగి ఆగి, తన్నుకుంటూ తిరుగుతాయి. అయ్యో పట్టేసింది అని భయపడకండి. లోపల అయస్కాంతం ఉంటుంది, దాని వల్ల అలా తిరగడమే కరెక్ట్. ఎక్కడా తగలకుండా గాలిపటం చరఖాలా గిరగిరా తిరిగిపోతే అప్పుడు అనుమానించాలి, రెక్కలు ఇరుసు నుంచి ఊడి ఉండొచ్చు. అసలు కదలకపోతే వెంట్రుకో, దారమో చుట్టుకుని ఉంటుంది. పట్టకారుతో ఒక కొస పట్టుకుని ఓపికగా లాగండి. పంపు పోయింది అని చెప్పి మార్చేసిన చాలా పంపుల్లో ఉన్న జబ్బు ఇదే, ఒక దారం.

మూత తిరిగి పెట్టేటప్పుడు దాని రబ్బరు రింగు తుడిచి, మరలు వంకర ఎక్కకుండా నిటారుగా బిగించండి. తర్వాత వెంటనే బట్టలు వేయొద్దు. డ్రమ్ములో రెండు లీటర్ల నీళ్లు పోసి, మూత దగ్గర ఒక పొడి కాగితం పరిచి, అప్పుడు ప్లగ్ పెట్టి ఒట్టి డ్రైన్ వేయండి. కాగితం తడిస్తే మూత సరిగ్గా కూర్చోలేదు, ప్లగ్ తీసి మళ్లీ బిగించాలి.

ఈ టైములో పంపు సౌండ్ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. సమానంగా "గుయ్" అంటే బాగుంది. "గరగర" మంటే ఇంకా ఏదో గట్టి వస్తువు లోపల ఉంది. "ఊఁ" అని మూలుగుతూ నీళ్లు కదలకపోతే రెక్కలు పట్టేశాయి. ఏ చప్పుడూ లేకపోతే పంపుకి కరెంటు అందడం లేదు, లేదా కాయిల్ పోయింది. ఎలుకలు వైర్లు కొరికేసిన మిషన్లు కూడా ఇలాగే మౌనంగా ఉంటాయి, కింద వల లేని మిషన్లకి ఇది మామూలే.

ఫిల్టర్ శుభ్రం, పైపు శుభ్రం, పంపు చప్పుడు బాగుంది, అయినా సన్నగానే వస్తున్నాయా? అప్పుడు మిగిలింది డ్రమ్ముకి, పంపుకి మధ్య ఉండే లావుపాటి రబ్బరు పైపు. చిన్నపిల్లల సాక్సులు, చేతిరుమాళ్లు తలుపు రబ్బరు సందులోంచి జారి అక్కడికి చేరతాయి. అది తీయాలంటే మిషన్‌ని వంచాలి లేదా ప్యానెల్ విప్పాలి. ఇక్కడ మాత్రం మీరు ఆగండి. ఫ్రంట్ లోడ్ లోపల ఊగకుండా ఉండటానికి కాంక్రీటు దిమ్మలు పెడతారు, మిషన్ బరువు 60, 70 కిలోలు ఉంటుంది. ఒక్కళ్లే వంచబోతే కాలి మీద పడుతుంది. ఈ పనికి మెకానిక్‌ని పిలవడంలో తప్పేం లేదు. అన్నట్టు, కొన్ని మిషన్లలో ఆ పైపులో ఒక ప్లాస్టిక్ బంతి ఉంటుంది. సబ్బు నీళ్లు వృథాగా కిందికి దిగకుండా కంపెనీయే పెట్టిన బంతి అది. ఎవరైనా "ఇదిగో, పిల్లల బంతి ఇరుక్కుంది" అని తీసి పారేస్తుంటే ఆపండి.

సెమీ ఆటోమేటిక్ వాళ్లు ఇప్పటిదాకా ఓపిక పట్టారు, థాంక్యూ. మీ పని ఇంకా తేలిక. అమ్మ వాళ్ల దగ్గర ఊళ్లో ఉండేది ఎక్కువగా ఇదే కదా, ఫోన్ చేసి చెప్పడానికైనా పనికొస్తుంది. ముందు ఉతికే టబ్బులో కనిపించే పీచు సంచీ, నీళ్లు పోయే జల్లెడ కడగండి. పైపు నేల మీద పల్లానికి ఉందా చూడండి, చాలామంది దాన్ని పైకి తగిలించి ఉంచిన సంగతి మర్చిపోతారు. అయినా నెమ్మదైతే, ప్లగ్ పీకి వెనక ప్యానెల్ స్క్రూలు విప్పండి. డ్రైన్ నాబ్ నుంచి ఒక తాడో, పట్టీనో కిందికి దిగి ఒక గుండ్రటి వాల్వ్‌కి తగులుతుంది. నాబ్‌ని డ్రైన్ వైపు తిప్పి చూడండి. ఆ పట్టీ గట్టిగా లాగాలి. సాగిపోయి వదులైతే వాల్వ్ సగమే తెరుచుకుంటుంది, అందుకే నీళ్లు సగం జోరుతో పోతాయి. వాల్వ్ మూత తిప్పితే వస్తుంది, లోపల స్ప్రింగు, రబ్బరు ఉంటాయి. విప్పేముందు ఒక ఫోటో తీసుకోండి, ఏది ఎటు ఉందో తర్వాత వెతుక్కోనక్కర్లేదు. పీచు తీసి కడిగి అలాగే పెట్టేయడమే. లోపల డబ్బా లాంటి కెపాసిటర్, వైర్లు కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లొద్దు. ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉండొచ్చు.

నురగ సంగతి బాకీ ఉన్నాను. చేతితో ఉతికే పౌడర్ ఫ్రంట్ లోడ్‌లో వేస్తే విపరీతమైన నురగ వస్తుంది. పంపు నెట్టగలిగేది నీళ్లని, నురగని కాదు. రెక్కల మధ్య నురగ చేరితే పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. వస్తూ ఆగుతూ కక్కడం దాని గుర్తు. మిషన్‌కి వాడే తక్కువ నురగ పౌడర్ వేయండి, ప్యాకెట్టు మీద రాసినంతే. ఎక్కువ వేస్తే ఎక్కువ తెల్లగా వస్తాయనేది ఉత్త మాట. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఉప్పు పేరుకోవడం కూడా ఉంటుంది. హీటర్ మీద, పైపుల లోపల తెల్లగా గట్టిపడుతుంది. దానికి మిషన్ పుస్తకంలో చెప్పిన డీస్కేలింగ్ పౌడర్ వాడండి. బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం పోయకండి, స్టీలు డ్రమ్ము, రబ్బర్లు రెండూ తినేస్తుంది.

ఇంత చేసినా కాకపోతే మెకానిక్‌ని పిలవండి, కానీ ఖాళీ చేతులతో కాదు. బకెట్ వీడియో, పంపు సౌండ్ రికార్డింగ్ చూపించండి. ఫిల్టర్ కడిగాం, పైపు చూశాం అని చెప్పండి. దాంతోనే సగం మాటలు తగ్గుతాయి. వారంటీ ఉంటే ప్యానెల్ మీరు విప్పొద్దు. ఫిల్టర్ శుభ్రం చేసుకోవడం మాత్రం వాడేవాళ్ల పనే, పుస్తకంలోనే ఉంటుంది. నాణేలు, పిన్నులు ఇరుక్కుంటే చాలా వారంటీల్లో అది కవర్ అవదు, విజిట్ ఛార్జి పడుతుంది. పంపు మార్చాలి అంటే మల్టీమీటర్‌తో కాయిల్ చెక్ చేసి చూపించమనండి. ప్లగ్ తీసి, పంపు వైర్లు ఊడదీసి పెడితే కొన్ని వందల ఓంల లోపు రీడింగ్ ఏదో ఒకటి రావాలి. "ఓఎల్" అని వస్తే కాయిల్ తెగిపోయింది, అప్పుడు మార్చడం న్యాయమే. మార్చాక పాత పంపు మీకు ఇచ్చి వెళ్లమనండి.

ఇక నేల మీదికి పైపు వేసిన, "టక్" మనే టాప్ లోడ్ మీది అయితే, ఎవరైనా వచ్చి పంపు పోయింది అంటే గొడవేం పడొద్దు. ఆ పంపు ఎక్కడుందో ఒకసారి చూపించమనండి, అంతే.